బొట్టు పెట్టిన షాఫ్టు

వనస్థలిపురం,
22 జూన్ 2011.

దశరథా,

నువ్వు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం ఒళ్ళు మండిపోయి ఉన్నాను. ఫోనులో నువ్వు చెప్పేది నాకు వినబడదు, నేను అరిచేది నువ్వు వినవు. ముప్ఫై ఒక్క ఏళ్ళు డిపో గ్యారేజీలో ఇంజన్ల పక్కన నిలబడినవాడి చెవులు ఇలాగే తయారవుతాయి. అందుకని కాగితం మీదే తిడతాను. తీరుబడిగా చదువుకో.

నిన్న ఎల్.బి.నగర్ చౌరస్తా దగ్గర నువ్వు చెప్పిన ట్రాక్టర్ల షాపుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు నీ పేరు చెప్పగానే చేతులు కట్టుకుని నవ్వాడు. యాభై అయిదు హార్స్‌పవర్ బండి, దానికి వెనకాల స్లాషరు, రెండూ ఖాయం చేసుకుంటానన్నావట! నీకు మతి ఉందా? నీకున్నది తొమ్మిదెకరాలు. అందులో రెండెకరాలు కుంట కట్ట వైపు జారుడు. అంత బరువైన బండి వానాకాలంలో నీ నల్లనేల మీద తిరిగితే మట్టి అణిగి బండ కట్టి గడ్డి మొలవడం మానేస్తుంది. అసలు నీ పొలం దారిలో ఆ రెండు రాతి స్తంభాల మధ్య నుంచి అది దూరుతుందా అని కొలిచావా? కొలవలేదు. పక్కూరి సర్పంచ్‌కి ఉంది కాబట్టి నీకూ కావాలి.

నీకు ముప్ఫై అయిదు చాలు. ఎత్తు తక్కువది చూడు. చక్రాలు వెడల్పుగా జరుపుకునే వీలున్నది చూడు. డ్రైవరు సీటు వెనక ఇనుప కమాను ఉండి తీరాలి, బండి తిరగబడినా మనిషి నలగడు. బెల్టు కూడా ఉండాలి. షాపువాడు 'పొలంలో బెల్టెందుకండీ' అంటాడు. వాడి మాట వినకు.

ఇక స్లాషరు. అది మామిడి తోటలో పిచ్చిమొక్కలు కొట్టడానికి బాగుంటుంది. గడ్డిని ముక్కముక్కలు చేసి నాలుగు దిక్కులా విసురుతుంది. నువ్వు గడ్డి పంపేది మూసారాంబాగ్‌లో అంతయ్య డైరీకి. ఆయన గేదెలకి గడ్డి వేస్తావా, పచ్చడి నూరి పంపుతావా? నీకు కావలసింది పక్కకి చాచుకుని నడిచే కోత బారు. కత్తెరలాగా బ్లేళ్ళు అటూ ఇటూ ఆడి గడ్డిని మొదట్లో కోసి వరసగా పడుకోబెడుతుంది. షాపులో ఒకటే ఉంది, మూల దుమ్ము పట్టి. అదే తీసుకో.

ఇంత గొడవ ఎందుకు చేస్తున్నానో నీకు తెలుసు. కూలీలు దొరకడం లేదు, భూమి ప్లాట్ల వాళ్ళకి ఇచ్చేద్దామని నీ కొడుకు రంజిత్ అంటున్నాడు. మిషన్ తెచ్చి నేనే కోస్తానని నువ్వన్నావు. వచ్చే జూన్ దాకా గడువు పెట్టుకున్నారు. ఈ ఏడాదిలో నీ వల్ల కాకపోతే సంతకం పెడతానని నలుగురిలో మాటిచ్చావు. అంత మాట ఇచ్చినవాడివి మిషన్ ఎంచుకోవడంలోనే తప్పటడుగు వేస్తే ఎలా?

నడిపేటప్పుడు సంగతులు కూడా ఇప్పుడే చెబుతాను. కోతకి ముందు పొలమంతా కాళ్ళతో తిరుగు, రాళ్ళు ఏరు. జారుడు మీద పైకీ కిందకీ నడుపు గానీ అడ్డంగా నడపకు. మడ్‌గార్డు మీద మనిషిని ఎక్కించకు, దేవుడొచ్చి అడిగినా ఎక్కించకు. అన్నిటికంటే ముఖ్యం, ఇంజన్ బలాన్ని కోత బారుకి అందించే ఆ పీటీవో షాఫ్టు. అది నిమిషానికి అయిదు వందల సార్లకి పైగా తిరుగుతుంది. బట్ట కొస తగిలితే చాలు, మనిషిని లాగేస్తుంది, కేక వేసే టైము కూడా ఇవ్వదు. దాని జాయింటు మీద రేకు తొడుగు ఉంటుంది. అది లేకుండా బండి స్టార్టు చేయకు. గడ్డి ఇరుక్కుంటే పీటీవో ఆపి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని అప్పుడు దిగు. నా కింద గ్యారేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కడికి ఒక్క వేలు పోలేదు. అది నా అదృష్టం కాదు, నా నోరు.

మొన్న ఆదివారం ప్రత్యేక రాష్ట్రం కోసం వంటావార్పు అని రోడ్డు మీద పొయ్యిలు పెట్టి మీవాళ్ళు నా స్కూటర్‌ని మూడు గంటలు ఆపారు. ఆపినవాళ్ళే విస్తరి వేసి పులిహోర పెట్టారు. తిన్నాను. కోపం మాత్రం తగ్గలేదు.

శ్రీరామమూర్తి


రాళ్లకుంట,
9 జూలై 2011.

మూర్తి సారుకు దశరథ నమస్కారం.

మీ ఉత్తరం మా ఇంటామె ఈరమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "గా సారు నిన్ను తిడుతుండా, ట్రాక్టర్‌ను తిడుతుండా?" అని అడిగింది. నాకూ తెలియలేదు సారూ.

మీరు చెప్పిందే కొన్నాను. ముప్ఫై అయిదుది, కమాను ఉన్నది, కోత బారుది. ఊళ్ళోకి తెచ్చిన రోజు నా పరువు పోయింది. రచ్చ దగ్గర కూర్చున్నవాళ్ళు, "ఏందే దశరథన్నా, సర్పంచ్ బండి ఈనిందా ఏంది? దుడ్డెను తోలుకొచ్చినవ్!" అని ఒకటే నవ్వు. రంజిత్ దోస్తులు ఇంకొక మాట అన్నారు. "ఆంధ్రా సారు చిన్నది కొనమన్నడా? మనకు పెద్దది ఉండొద్దని గదా ఆళ్ల లెక్క." ఇరవై ఆరేళ్ళు ఒక డిపోలో పనిచేశాం, ఆయన సంగతి నాకు తెలుసు, మూసుకోండ్రి అన్నాను. అన్నాను గానీ నాకు మీ మీద కోపమే వచ్చింది. మీరు చెప్పే తీరు అట్లుంటుంది. నేనేదో నిన్న గ్యారేజీలో చేరిన పిల్లగాడినైనట్టు రాస్తారు. ఇరవై ఆరేళ్ళు జనాన్ని నింపుకుని బస్సు నడిపాను. ఒక్క కోడిని తొక్కలేదు. అది కూడా జర గుర్తు పెట్టుకోండి.

అయినా పని సంగతి చెప్పాలి. పచ్చిజొన్న రెండెకరాలు ఒక్క పొద్దున కోశాను. ఎనిమిది మంది ఆడోళ్ళు మూడు దినాలు కోసే పని. గడ్డి వరసగా పడుకున్నది, మీరు రాసినట్టే. అంతయ్య చూసి, రోజూ పంపుమన్నాడు. ప్లాట్ల ఏజెంటు చక్రపాణి వచ్చి గట్టు మీద నిలబడి చూసి, చాయ్ కూడా తాగకుండా పోయాడు. ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను.

మీ జాగ్రత్తలన్నీ షెడ్డు గోడకు అంటించాను. ఒకటే తకరారు. షాఫ్టు మీది రేకు తొడుగు గ్రీజు పెట్టేటప్పుడు అడ్డం వస్తున్నది. ప్రతిసారి రెండు బోల్టులు విప్పాలి, మళ్ళీ బిగించాలి. వాటి మరలు అరిగిపోతున్నాయి. అయినా బిగిస్తున్నాను, మీరు తిడతారని.

దసరాకు బండికి మొదటి పూజ. మీరు రావాలి. కోపం ఉంటే ఉండనీయండి, రావాలి.

దశరథ


వనస్థలిపురం,
26 సెప్టెంబర్ 2011.

దశరథా,

సమ్మె మొదలై రెండు వారాలైంది. నిన్న దిల్‌సుఖ్‌నగర్ డిపో మీదుగా వెళ్ళాను. బస్సులన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి, గేటు ముందు టెంటు. టెంటులో కూర్చున్నవాళ్ళలో సగం మంది నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. 'సార్, కూర్చోండి' అన్నారు. ఏ మొహంతో కూర్చోను? మా కాలనీలో కొందరు లోపల నుంచి గేటుకి తాళం వేసుకుంటున్నారు. మా ఆవిడ శేషారత్నం కూడా వేసింది. తాళం తీయించాను. ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న ఊళ్ళో తాళం వేసుకుని కూర్చోవాలా అని అరిచాను. మీ రాష్ట్రం మీరు తెచ్చుకోండి. నేను అడ్డం పడలేదు, పడను.

కానీ నువ్వు చేసిన పని వేరు. అంతయ్య మొన్న కొత్తపేట రైతుబజార్‌లో కనబడి మురిసిపోతూ చెప్పాడు. హైవే మీద రాస్తారోకోకి నువ్వు ట్రాక్టర్ తీసుకెళ్ళావట. ట్రాలీలో ముప్ఫై మంది. మడ్‌గార్డుల మీద చెరొకడు, జెండా పట్టుకుని! దేవుడొచ్చి అడిగినా ఎక్కించకన్నాను. ఉద్యమం వచ్చి అడిగితే ఎక్కించొచ్చని ఎక్కడ రాశాను? వాళ్ళలో ఒకడు జారి వెనక చక్రం కింద పడితే ఏ రాష్ట్రం వాడి కాలు తిరిగిస్తుంది? రోడ్డు మీద నినాదం ఇవ్వు, పడుకో, నీ ఇష్టం. బండిని మాత్రం పొలంలో ఉంచు.

ఇది చదివి నువ్వు మూతి ముడుస్తావు. ముడుచుకో.

దసరాకి వస్తాను. బస్సుల్లేవు కాబట్టి స్కూటర్ మీదే వస్తాను. హయత్‌నగర్ దగ్గర ఆపితే నీ పేరు చెబుతాను. పూజ నా చేతుల మీదుగా జరగాలి. నువ్వు చేస్తే కొబ్బరికాయ బానెట్ మీద కొడతావు.

శ్రీరామమూర్తి


రాళ్లకుంట,
19 అక్టోబర్ 2011.

మూర్తి సారుకు,

చేతిరాత మారింది. రాస్తున్నది నా కోడలు సుమలత, చెప్తున్నది నేను.

పోయిన గురువారం కోత కోస్తుంటే గడ్డి ఇరుక్కున్నది. దిగి తీయబోయాను. మెడ మీది తువ్వాలు కొస షాఫ్టుకు చిక్కింది. తువ్వాలుతో పాటు కుడి చెయ్యి లోపలికి పోయింది. చూపుడు వేలు, నడిమి వేలు లేవు. ముంజేయి రెండు చోట్ల విరిగింది. ఈరమ్మ ఉరికి వచ్చి ఇంజన్ ఆపింది. ఆమెకు తాళం తిప్పడం ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. కొత్తపేటలో దవాఖానలో అయిదు దినాలు ఉన్నాను. నిన్న ఇంటికి తెచ్చారు.

షాఫ్టు మీద తొడుగు లేదు. నేనే విప్పాను. నా తప్పే.

మీరు ఇటు రావద్దు. దీని గురించి ఎవరితోనూ మాట్లాడవద్దు. ఇంతే.

దశరథ


వనస్థలిపురం,
22 అక్టోబర్ 2011.

దశరథా,

ఏమని తిట్టను? నా దగ్గరున్న తిట్లు సరిపోవడం లేదు.

కొత్తపేటలో అయిదు రోజులు పడుకున్నావు. మా ఇంటి నుంచి స్కూటర్ మీద పదిహేను నిమిషాలు. నాకు ఒక్క కబురు లేదు. పైగా రావద్దంటావు, మాట్లాడవద్దంటావు. ఎందుకు? నా మొహం చూడలేకనా? అదే అయితే సబబే. నువ్వు చేసిన పనికి నా మొహం చూడకూడదు.

తొడుగు నువ్వే విప్పానని ఎంత తేలిగ్గా రాయించావు! గ్రీజుకి అడ్డం వస్తోందని జూలైలోనే మొదలుపెట్టావు. ఏదో ఒక రోజు దాన్ని విప్పి మూల పారేస్తావని నాకు అప్పుడే తెలియాల్సింది. దసరా రోజు నేను ప్రతి బోల్టూ నా చేత్తో చూసి వచ్చాను. సరిగ్గా వారం ఆగలేకపోయావు. ఇంజన్ ఆపకుండా దిగావు, మెడలో తువ్వాలుతో దిగావు. గోడకి అంటించిన కాగితం ఎవరి కోసం, బల్లుల కోసమా?

ముప్ఫై ఒక్క ఏళ్ళు, దశరథా. ఒక్క వేలు పోలేదు. ఇప్పుడు రెండు పోయాయి, అవీ నేను దగ్గరుండి ఎంచిపెట్టిన మిషన్‌లో. శేషారత్నం అన్నం తినమంటే కంచం తోసేశాను. నిన్ను ఆ పనికి ఎగదోసింది నేనే కదా అని నన్ను నేను తిట్టుకుంటున్నాను.

ఇక ఒక్క మాట చెబుతాను, విను. ఆ భూమి అమ్మేయ్. రంజిత్ మొదటి నుంచీ చెబుతున్నదే నిజం. మిషన్ నీలాంటి వాడి చేతికి ఇవ్వకూడదు. చెప్పింది వినని వాడికి భూమి ఎందుకు, బండి ఎందుకు? రెండూ అమ్మేసి, మిగిలిన మూడు వేళ్ళు కాపాడుకుని కూర్చో.

శ్రీరామమూర్తి


రాళ్లకుంట,
29 అక్టోబర్ 2011.

శ్రీరామమూర్తి గారికి,

నేను సుమలతను. దశరథ గారి కోడలిని. ఈ ఉత్తరం మా మామయ్యకు తెలియకుండా రాస్తున్నాను. నమస్కారం రాయాలని లేదు, అందుకే రాయలేదు.

మీ ఉత్తరం మా ఆయన చేతిలో పడింది. అందరి ముందు గట్టిగా చదివాడు. చక్రపాణి అప్పుడు మా ఇంట్లోనే కూర్చుని ఉన్నాడు. "చూసినవా నాయినా? నీ సారే అమ్ముమంటుండు. ఇంకెవలు చెప్పాలె నీకు?" అన్నాడు మా ఆయన. మామయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వచ్చే నెల పద్నాలుగున సంతకమని చక్రపాణి చెప్పి పోయాడు. గడువు జూన్ దాకా ఉన్నదని మా అత్త అన్నది. చెయ్యి లేనోనికి గడువెందుకని మా ఆయన జవాబు.

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. మీ స్కూటర్ డిక్కీ తెరిచి చూడండి.

దసరా రోజు పూజ నేను దగ్గరుండి చూశాను, పసుపు కలిపింది నేనే. మా మామయ్య తొడుగు మీద బొట్టు పెట్టబోతే మీరు చెయ్యి పట్టుకుని ఆపారు. "రేకుకి బొట్టు పెడితే యంత్రానికి పెట్టినట్టా?" అన్నారు. మీరే పాన తీసి రెండు బోల్టులు విప్పారు. షాఫ్టుకు పసుపు రాశారు, మూడు చోట్ల కుంకుమ పెట్టారు, హారతి ఇచ్చారు. మళ్ళీ బిగించబోతే ఒక బోల్టు మర పట్టలేదు. "ఇది పనికిరాదు, ఎల్.బి.నగర్‌లో కొత్త బోల్టులు చూసి, రేకు వంపు కూడా తీయించి రెండు రోజుల్లో తెస్తా" అని తొడుగును గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకున్నారు. పొద్దు గుంకకముందే హయత్‌నగర్ దాటాలని అన్నం కూడా సగంలో లేచిపోయారు.

మామయ్య మీ కోసం వారం రోజులు చూశాడు. మీరు రాలేదు.

ఆయన మీ పేరు ఎందుకు చెప్పలేదో కూడా వినండి. దవాఖానలో మొదటి రోజే మా ఆయన దోస్తులు పదిమంది వచ్చారు. తొడుగు ఎవరు తీశారని అడిగారు. "ఎవడన్న చేసిండా గిది? పేరు చెప్పు పెదనాయినా, ఇప్పుడే పోయి ఇల్లు జూస్తం" అన్నారు. అప్పుడే మత్తు దిగుతున్నది ఆయనకు. అయినా తెలివి తెచ్చుకుని, "నేనే ఇప్పిన" అన్నాడు. రోజులు ఎట్లున్నాయో మీకు తెలుసు. ఆంధ్రా సారు వల్ల చెయ్యి పోయిందని ఒక్క మాట బయట పడితే వనస్థలిపురంలో మీ ఇంటి ముందు ఏమయ్యేదో మీరే ఆలోచించుకోండి. మిమ్మల్ని రావద్దని రాయించింది కూడా అందుకే.

చేతకానివాడని ఊరంతా అంటే పడ్డాడు. మీరు కూడా అన్నారు. ఆ ఉత్తరం విన్నాక ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు.

సుమలత


వనస్థలిపురం,
4 నవంబర్ 2011.

దశరథా,

నీ కోడలు అంతా రాసింది, ఆ పిల్లని ఏమీ అనకు. డిక్కీ తెరిచాను. ఉంది. గుడ్డకి పసుపు అంటి ఉంది.

ఇంటికి వచ్చిన సాయంత్రమే జ్వరం పట్టుకుంది, పదిరోజులు మంచం దిగలేదు. ఇది సాకు కాదు. జ్వరం తగ్గాక నీ ఉత్తరం వచ్చింది. అప్పుడైనా గుర్తు రావాలి కదా? రాలేదు. విప్పింది బిగించకుండా నేను ఏనాడూ బండి దగ్గర నుంచి లేవలేదు. అందుకని ఆ రోజు కూడా బిగించే ఉంటానని నమ్మేశాను. బోల్టు మీద నా వేళ్ళు తిరిగినట్టు కూడా గుర్తుంది. ఎంత సిగ్గుమాలిన బుర్ర! అబద్ధాన్ని బోల్టుతో సహా తయారుచేసి పెట్టింది.

యంత్రానికి బొట్టు పెట్టాలన్నానట. డిపోలో ముప్ఫై ఒక్క దసరాలు చేశాను. ప్రతి ఏడూ తొడుగులు విప్పి, పూజ చేసి, బిగించి, అప్పుడే ప్రసాదం. ఈ ఒక్కసారి బిగించకుండా ప్రసాదం తిన్నాను.

నీ మీద కూడా నాకు మండుతోంది. నన్ను కాపాడమని నిన్నెవరు అడిగారు? నా ఇంటి మీద రాయి పడితే పడనీ. అద్దాలు వేయించుకుంటాను. నీ భూమి పోతే నేను ఏ షాపులో కొని ఇవ్వను? నేను అమ్మేయమని రాస్తే, 'దొంగముండాకొడకా, తొడుగు నీ దగ్గరే ఉంది' అని ఒక్క ముక్క రాయించి ఉండాల్సింది. నోరు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకుంటావా?

పదమూడున, ఆదివారం, వస్తున్నాను. రంజిత్ ఉండాలి, చక్రపాణి ఉండాలి, ఆ పదిమంది కుర్రాళ్ళూ ఉండాలి. అందరి ముందూ చెబుతాను. ఎవరినైనా ఇద్దరిని తోడు తీసుకెళ్ళమని శేషారత్నం ఏడుస్తోంది. ఒక్కడినే వస్తాను. వద్దని రాయకు. రాసినా చదవను.

శ్రీరామమూర్తి


రాళ్లకుంట,
24 నవంబర్ 2011.

మూర్తీ,

ఇది నేను రాస్తున్నాను, ఎడమ చేత్తో. ఒక్క పేజీకి నాలుగు దినాలు పట్టింది. ఈ ఉత్తరంలో నిన్ను 'మీరు' అనడం లేదు. సారు అనడం కూడా లేదు. కోపం పోయిన రోజు అంటాను.

ఆ ఆదివారం నువ్వు మా వాకిట్లో నిలబడి చెప్పాల్సింది చెప్పావు. చెప్పి అరుగు మీద కూర్చున్నావు. వాళ్ళు ఏమన్నారో నీకు వినబడలేదు. అందుకు రాస్తున్నాను.

రంజిత్ దోస్తు ఒకడు స్టూలు ఎత్తాడు. అది నువ్వు చూశావు. ఈరమ్మ అడ్డం పోయి ఏమన్నదో వినలేదు. "కూసున్న మనిషి మీద చెయ్యి ఎత్తుతార్రా? గాయన చెప్పకుంటే మీకు తెలుస్తుండెనా? ముందుగాల మంచినీళ్లు ఇయ్యుండ్రి. తర్వాత ఎంత తిడుతరో తిట్టుండ్రి." వాడు స్టూలు దించాడు. నీకు నీళ్ళు తెచ్చింది వాడే. చక్రపాణి మాత్రం, "ఎవలి తప్పయితేంది, పోయిన వేళ్లయితే రావు గదా, సంతకం రేపే" అన్నాడు. నువ్వు అతని మొహం చూసి నమస్కారం పెట్టావు. అతను ఏమన్నాడో తెలిస్తే పెట్టకపోదువు.

నా తప్పు నేను చెప్పుకోవాలి. తొడుగు లేదని నాకు తెలుసు. తెలిసే స్టార్టు చేశాను. సమ్మెతో దాణా లారీలు ఆగిపోయాయి. అంతయ్య గేదెలు ఖాళీ తొట్టి నాకుతున్నాయని ఫోన్ చేశాడు. ఒక్క పూటకు ఏమైతదని అనుకున్నాను. ఇంజన్ ఆపకుండా దిగాను. అదంతా నాది, నీది కాదు.

తొడుగు గురించి నాకు నీ మీద కోపం లేదు. అది మరిచిపోయి చేశావు. ఆ ఉత్తరం మరిచిపోయి రాయలేదు. ఒక్క మాట నన్ను అడగకుండా, చెప్పింది వినని వాడికి భూమి ఎందుకని రాశావు. ఇరవై ఆరేళ్ళు నన్ను చూసినవాడివి. నేను విప్పి పారేసే మనిషినా? చెయ్యి నలిగిన రోజు నేను ఏడవలేదు. అది నా కొడుకు నోట విన్న రోజు ఏడ్చాను.

ఎడమ చేత్తో సంతకం నేర్చుకొమ్మని రంజిత్ ఒక నోట్‌బుక్కు తెచ్చాడు. ఇరవై దినాలు కూర్చుని దిద్దాను. రెండో తరగతి పిల్లగాడిలా దిద్దాను. పద్నాలుగో తారీకు పొద్దున చక్రపాణి కాగితాలు పరిచి వేలు పెట్టి జాగా చూపించాడు. ఆ జాగాలో ఎడమ చేత్తో పెద్దగా రాశాను. 'ఈ భూమి ఇవ్వను' అని రాసి కింద సంతకం కూడా పెట్టాను, అంత కష్టపడి నేర్చుకున్నందుకు. రంజిత్ మూడో రోజు, "జూన్ దాకనే" అన్నాడు. జూన్ దాకనే అన్నాను నేను. మిగిలిన నోట్‌బుక్కులోనే నీకు రాస్తున్నాను.

ఇప్పుడు బండి ఎవరు నడపాలి? నా చేత్తో గేరు పట్టడం కాదు. రంజిత్ ముట్టడు. సుమలత నడుపుతానంటున్నది. ఊరు నవ్వుతున్నది, నవ్వనీ. నాకు నేర్పే ఓపిక లేదు, నేర్పితే నాలాగే దిగుతుంది. నువ్వు వచ్చి నేర్పాలి. నీ నోరంతా తెచ్చుకో, ఒక్క తిట్టు కూడా ఇంటి దగ్గర వదిలి రాకు. నేను అరుగు మీద కూర్చుంటాను. నీతో మాట్లాడను.

జొన్న నడుము దాకా వచ్చింది. డిసెంబర్ పదికి కోతకు అందుతుంది. ఆ లోపల రా.

ఆ పిల్లకు ఒక్క గోరు చీలినా సరే, ఈసారి నీ పేరే చెప్తాను.

దశరథ